లైబీరియా కమాండర్‌కు స్విట్జర్లాండ్‌లో శిక్ష: అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ నేర న్యాయాన్ని బోధించే నాకు, అలియు కోసియా కేసు ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొన్ని అపోహలు ఎదురవుతుంటాయి. పశ్చిమ ఆఫ్రికా దేశమైన లైబీరియాలో జరిగిన మొదటి అంతర్యుద్ధంలో, తిరుగుబాటు నేతగా మొదలై తరవాత దేశాధ్యక్షుడైన చార్లెస్ టేలర్ దళాలకు వ్యతిరేకంగా పోరాడిన యులిమో అనే సాయుధ వర్గంలో అతడు కమాండర్. యుద్ధం ముగిశాక స్విట్జర్లాండ్‌లో స్థిరపడి, 2014 నవంబరులో అక్కడే అరెస్టయ్యాడు. లైబీరియాలోని లోఫా ప్రాంతంలో 1993-95 మధ్య సాగించిన హత్యలు, అత్యాచారం తదితర యుద్ధ నేరాలకు బెలిన్‌జోనాలోని ఫెడరల్ క్రిమినల్ కోర్టు 2021 జూన్ 18న అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది.

అపోహ: యుద్ధ నేరాల చట్టం దేశాల మధ్య యుద్ధాలకే వర్తిస్తుంది.

వాస్తవం: 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలలోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం దేశం లోపలి సాయుధ సంఘర్షణల కోసమే రాసినది. అది ప్రభుత్వ సైన్యానికీ తిరుగుబాటు దళానికీ సమానంగా వర్తిస్తుంది. ప్రభుత్వంపై తిరగబడినందుకు కాదు, చేతికి చిక్కిన నిరాయుధులను చంపినందుకే ఈ చట్టం కమాండర్‌ను బోనెక్కిస్తుంది.

అపోహ: ఇటువంటి కేసులన్నీ నెదర్లాండ్స్‌లోని హేగ్‌కే వెళ్తాయి.

వాస్తవం: అక్కడి అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2002 జులై 1కి ముందు జరిగిన నేరాలను విచారించడానికి వీల్లేదు. నేరం ఎక్కడ జరిగినా, నిందితుడు తమ గడ్డపై దొరికితే విచారించే అధికారాన్ని కొన్ని దేశాల చట్టాలు తమ కోర్టులకు ఇచ్చాయి. కోసియా విషయంలో జరిగినది అదే.

అపోహ: లైబీరియా ఘోరాలకు టేలర్‌కు శిక్ష పడింది కదా!

వాస్తవం: 2012లో ఆయనకు పడిన 50 ఏళ్ల శిక్ష పొరుగున ఉన్న సియెర్రా లియోన్‌లో జరిగిన నేరాలకు సంబంధించినది. యుద్ధ నేరాలపై విచారణలు జరపాలని లైబీరియా సత్య, సయోధ్య కమిషన్ 2009లోనే సిఫారసు చేసినా, కోసియాకు శిక్ష పడేనాటికి స్వదేశంలో ఒక్క విచారణా జరగలేదు.

అపోహ: పాతికేళ్ల నాటి ఘటనలపై కేవలం సాక్షుల మాటలు నమ్మి శిక్ష వేయడం అన్యాయం.

వాస్తవం: జ్ఞాపకం మసకబారుతుందన్న అనుమానం సహేతుకమైనదే. అందుకే సాక్షులను లైబీరియా నుంచి రప్పించి న్యాయమూర్తుల ఎదుట ప్రశ్నించారు; ఆ సమయంలో తాను లోఫాలో లేనన్న కోసియా వాదననూ పరిశీలించారు. మొత్తం 25 అభియోగాలలో 21 రుజువయ్యాయి, నాలుగు వీగిపోయాయి. బాలుణ్ణి దళంలో చేర్చుకున్నాడన్న అభియోగం నిలవకపోయినా, బాల సైనికుణ్ణి పోరాటంలో వాడుకున్నాడన్నది నిలిచింది. సాక్ష్యాన్ని గుడ్డిగా నమ్మిన కోర్టు అంత సూక్ష్మమైన తేడా చూపగలదని నేననుకోను.

అపోహ: యావజ్జీవం పడకపోవడం కోర్టు చూపిన దయ.

వాస్తవం: నేరాలు జరిగిన నాటి చట్టం ప్రకారం విధించగలిగిన గరిష్ఠ శిక్ష 20 ఏళ్లే. నిజంగా చర్చించవలసినది 2023 జూన్ 1న వెలువడిన అప్పీలు తీర్పు. స్విస్ చట్టంలో మానవాళిపై నేరాల (పౌరులపై విస్తృతంగా లేదా పథకం ప్రకారం సాగే దాడిలో భాగంగా చేసే ఘోరాల) నిబంధనలు 2011లో గానీ అమల్లోకి రాలేదు. అయినా, అప్పటికి కాలదోషం పట్టని, అంటే విచారణకు చట్టం ఇచ్చిన గడువు దాటిపోని, పాత నేరాలకూ అవి వర్తిస్తాయని అప్పీలు న్యాయమూర్తులు నిర్ణయించి, ఆ నేరాల కిందా అతణ్ణి దోషిగా తేల్చారు. శిక్షను మాత్రం 20 ఏళ్ల వద్దే ఉంచారు.