పెట్ రిపోర్టులో ఎస్‌యూవీ: ఏ రకం క్యాన్సరులో ఏం చెబుతుంది?

ఊపిరితిత్తి గడ్డకు పెట్-సీటీ చేయించుకున్నాక రిపోర్టులో అందరి కళ్లూ ఒక్క అంకె మీదికే పోతాయి: ఎస్‌యూవీ మ్యాక్స్. స్కాన్ కోసం ఎక్కించిన మందును ఒంటి సగటు కన్నా గడ్డ ఎన్ని రెట్లు పీల్చుకుందో చెప్పేదే ఎస్‌యూవీ, అందులో అన్నిటికన్నా పెద్ద విలువ మ్యాక్స్. 12 ఉంటే గుండె జారిపోతుంది, 2 ఉంటే హమ్మయ్య అనుకుంటారు. రెండూ తొందరపాటే. గడ్డ ఏ రకమో తెలిస్తేనే ఆ అంకె ఏదైనా చెబుతుంది.

స్కాన్‌కు ముందు చేతి నరంలోకి ఎక్కించే ఎఫ్‌డీజీ అనే మందు అచ్చం గ్లూకోజు లాంటిదే. కాకపోతే రెండో కార్బన్ మీద హైడ్రాక్సిల్ బదులు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ఉంటుంది. కణం పొరలోని గ్లూట్-1 ప్రోటీను దాన్ని గ్లూకోజు లాగే లోపలికి పంపుతుంది, హెక్సోకైనేజ్ ఎంజైము ఫాస్ఫేటు తగిలిస్తుంది. తర్వాతి మెట్టుకు ఆ హైడ్రాక్సిల్ కావాలి, అది లేదు. ఫాస్ఫేటు తగిలాక పొర దాటి బయటికీ రాలేదు. అలా ఇరుక్కుపోయినదే తెర మీద వెలుగుతుంది. ఆక్సిజన్ అందుతున్నా క్యాన్సరు కణాలు గ్లూకోజును విపరీతంగా వాడి లాక్టిక్ ఆమ్లం చేస్తాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే చూపాడు.

ఇక లెక్క. 70 కిలోల మనిషికి 350 మెగాబెకెరెల్ (రేడియోధార్మికతకు కొలత) మందు ఇచ్చారనుకోండి. మందు ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే గ్రాముకు 5 కిలోబెకెరెల్ వస్తుంది. గడ్డలో గ్రాముకు 50 కనిపిస్తే ఎస్‌యూవీ 10.

ఊపిరితిత్తి క్యాన్సరు రకాల్లో ఒకటైన స్క్వామస్ సెల్ క్యాన్సరులో గ్లూట్-1 దండిగా ఉంటుంది కాబట్టి ఎస్‌యూవీ మామూలుగానే ఎక్కువ. దాదాపు అందరికీ ఎక్కువే అయినప్పుడు, ఎవరికి ముప్పు ఎక్కువో ఆ అంకె సరిగ్గా విడదీయలేదు. మరో రకమైన అడినోకార్సినోమా సంగతి వేరు. గాలిగదుల గోడల వెంబడి మెల్లగా పాకే లెపిడిక్ తీరు సీటీలో అద్దానికి ఆవిరి పట్టినట్టు కనిపిస్తుంది, పెట్‌లో వెలగనే వెలగకపోవచ్చు. గట్టిగా ముద్దకట్టే తీరు బాగా వెలుగుతుంది. అందుకే తొలి దశ అడినోకార్సినోమాలో ఎస్‌యూవీ ఎక్కువుంటే ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. మెల్లగా పెరిగే టిపికల్ కార్సినాయిడ్ గడ్డలు చాలావరకు మసకగానే కనిపిస్తాయి.

స్మాల్ సెల్ రకం బాగా వెలుగుతుంది. అక్కడ ఎంత వెలిగిందన్న దానికన్నా ఎంత మేర వెలిగిందన్నదే పనికొస్తుంది. ఎస్‌యూవీ మ్యాక్స్ గడ్డలో అన్నిటికన్నా వెలిగే ఒక్క చుక్క విలువ. ఎంటీవీ వెలిగిన భాగం మొత్తం ఘనపరిమాణం. దాన్ని సగటు ఎస్‌యూవీతో హెచ్చిస్తే టీఎల్‌జీ. 2 సెంటీమీటర్ల గుండ్రటి గడ్డ దాదాపు 4 మిల్లీలీటర్లు, 6 సెంటీమీటర్లది 113. అడ్డంగా మూడింతలే, జబ్బు భారం 27 రెట్లు! ఎస్‌యూవీ మ్యాక్స్ మాత్రం రెండింటికీ ఒకటే రావచ్చు. ముదిరిన దశల్లో ఎంటీవీని ఎక్కువ నమ్మాలని మా అభిప్రాయం.

అంకె తప్పడానికి దారులు చాలా. రక్తంలో షుగర్ ఎక్కువుంటే అదే ద్వారం కోసం గ్లూకోజు పోటీపడి గడ్డ మసకగా కనిపిస్తుంది. అందుకే కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ 200 దాటితే సాధారణంగా స్కాన్ వాయిదా వేస్తారు. దించడానికి అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే మందంతా కండల్లోకి పోతుంది. ముందురోజు బరువులు మోసినా కండలు వెలుగుతాయి. ఎక్కించాక గంటసేపు వెచ్చగా, కదలకుండా పడుకోమనేది ఇందుకే. చలేస్తే మెడ దగ్గర ఒంటికి వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు కూడా వెలుగుతుంది.

మన దగ్గర అతి పెద్ద చిక్కు టీబీ. వాపుకణాలూ గ్లూకోజును బాగా తింటాయి, కాబట్టి టీబీ గడ్డ, దాని పక్క లింఫు గ్రంథులు క్యాన్సరు లాగే మెరుస్తాయి. ముక్క తీసి పరీక్షించకుండా స్టేజి పెంచేస్తే, ఆపరేషన్‌తో నయం కాగల మనిషికి ఆ అవకాశమే పోతుంది. 1 సెంటీమీటరు లోపు గడ్డలు, ఊపిరితో కదిలే కింది భాగపు గడ్డలు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. మెదడు ఎప్పుడూ గ్లూకోజుతోనే వెలుగుతూ ఉంటుంది కనుక అక్కడికి పాకిందేమో చూడాలంటే ఎంఆర్‌ఐ తీయాల్సిందే.

చికిత్స తర్వాత మళ్లీ స్కాన్ తీసేటప్పుడు వీలైతే అదే మిషన్ మీద తీయించుకోండి. మందు ఎక్కించిన ఎన్ని నిమిషాలకు తీశారో పాత రిపోర్టులో చూడండి. చాలా గడ్డల్లో గంట దాటాక కూడా ఎఫ్‌డీజీ పోగవుతూనే ఉంటుంది. మొదటిది 60 నిమిషాలకు, రెండోది 90కి తీస్తే జబ్బు పెరగకపోయినా అంకె పెరుగుతుంది.