పద్నాలుగేళ్ల ఫుటీ కుర్రాడి మీద తీర్పులు: అపోహలు, వాస్తవాలు

ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) సెలెక్షన్ ట్రయల్స్ జాబితాలు బయటికి రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. పేరు వచ్చిన పిల్లాడి నాన్న "ఇక ఏఎఫ్ఎల్‌కి దారి పడినట్టే కదన్నా?" అంటాడు. ఏఎఫ్ఎల్ అంటే ఈ ఆటలో దేశంలోకెల్లా పెద్ద లీగ్. పేరు రాని పిల్లాడి అమ్మ రెండు మాటలు మాట్లాడేసరికి గొంతు పూడుకుపోయి, ఫోన్ భర్తకిచ్చేస్తుంది. ఆ సంబరానికీ ఈ ఏడుపుకీ వెనకున్నది ఒకటే అపోహ. ఏటా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదే ఈసారి అందరి కోసం రాసి పెడుతున్నాను.

నేను మెల్‌బోర్న్‌లో 18 ఏళ్ల లోపు జట్టు ఒకదానికి పార్ట్ టైం స్కౌట్‌ని. వారాంతాల్లో శివారు మైదానాలు తిరిగి, కుర్రాళ్ల ఆట చూసి రిపోర్టులు రాస్తాను. టార్నీట్, ట్రుగానినా, పాయింట్ కుక్ వైపు మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో తెలిసిందే. చిన్నపిల్లలకి ఫుటీ నేర్పే ఆస్‌కిక్‌లో సరదాగా బంతి పట్టిన పిల్లలు ఇప్పుడు టీనేజ్‌కి వచ్చారు. తల్లిదండ్రులేమో క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు. ఈ ఆటలో ఎవరి మాట నమ్మాలో తెలియక వాట్సాప్ గ్రూపులో ఎవరేం చెబితే అదే వేదమనుకుంటున్నారు. ఆ గ్రూపుల్లో తిరిగే మాటలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: పద్నాలుగేళ్లకే మైదానాన్ని ఏలేస్తున్నాడంటే వాడు రేపటి స్టార్. ఆ వయసులో సెలెక్ట్ కాలేదంటే ఇక అంతే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. ముందు దీని సంగతి తేల్చాలి.

జూనియర్ ఫుటీలో వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూపులో ఆడతారు. అక్కడే దాదాపు ఏడాది తేడా. దానికి తోడు ఒళ్లు ఎదిగే వేళ అందరికీ ఒకటి కాదు. కొందరు మగపిల్లలు పన్నెండుకే చకచకా పొడుగైపోతారు, కొందరికి పదిహేను దాటితే గానీ ఆ ఊపు రాదు. ఈ రెండూ కలిసినప్పుడు మీసం వచ్చిన కుర్రాడూ ఇంకా గొంతు మారని పిల్లాడూ ఒకే ఏజ్ గ్రూపులో ఎదురెదురుగా నిలబడతారు. టాకిల్‌లో, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపేటప్పుడు, ఎవరు గెలుస్తారో చెప్పడానికి స్కౌట్ అక్కర్లేదు.

నేను చూసేది ఆ గెలుపు ఎలా వచ్చిందనేది. ముందే ఎదిగిన పిల్లాడికి బంతి చిక్కితే ఎదురొచ్చినవాళ్లని గుద్దుకుంటూ వెళ్లిపోతాడు. గోల్స్ పడుతున్నాయి కాబట్టి పద్ధతి మార్చుకోమని ఎవరూ అనరు. టాకిల్ మీద పడేలోపు హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్) వదలడం, రెండో కాలితో కూడా సరిగ్గా తన్నడం, రక్‌మన్ (పైకెగిరి బంతిని తట్టే పొడుగు ఆటగాడు) చేతి నుంచి బంతి ఎటు రాలుతుందో ముందే పసిగట్టడం, వీటి అవసరమే వాడికి రాదు. పదిహేడుకి మిగతావాళ్లు కూడా ఎత్తూ బరువూ అందుకుంటారు. గుద్దుకుంటూ వెళ్లడం ఇక కుదరదు, వేరే దారి వాడికి తెలీదు. చిన్నగా ఉన్నవాడి సంగతి వేరు. దొరికితే నలిగిపోతానని తెలుసు కనుక దొరక్కుండా ఆడటం నేర్చుకుంటాడు. ఎదుగుదల వచ్చాక ఆ తెలివికి ఒంటి బలం తోడవుతుంది. కాకపోతే అప్పటిదాకా వాడు ఆటలో ఉండాలి. పదిహేనేళ్లకి పేరు రాలేదని మాన్పించేస్తున్న కుటుంబాలు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తున్నాయి. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

మనవాళ్లబ్బాయి ఒకడు పదమూడేళ్లకే నాన్నని మించిన ఎత్తు. శనివారం పొద్దున్న ఆట అంటే వాడిదే. క్లబ్బు ట్రైనింగ్ చాలదని వాళ్ల నాన్న మిగతా సాయంత్రాలన్నీ ప్రైవేట్ కోచింగ్ పెట్టించాడు. పిల్లాడి మీద ప్రేమతోనే, అప్పు చేసి మరీ. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో అంత పరుగూ అన్ని కిక్‌లూ పడితే ఏమవుతుందో అదే అయింది. నడుము ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, ఒక సీజన్ మొత్తం బయటే. తిరిగొచ్చేసరికి తోటివాళ్లంతా వాడి ఎత్తుకి వచ్చేశారు. "వాడిలో ఆ కసి పోయిందన్నా" అన్నాడు ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లి. కసికి ఏం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎదిగారంతే. వాడికి నేర్పాల్సింది ఒత్తిడిలో బంతి వదలడం అని చెప్పి, వాళ్ల కోచ్‌తో కూర్చోబెట్టాను. ఇప్పుడు హాఫ్‌బ్యాక్ అనే డిఫెన్స్ చోట ఆడుతున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. డ్రాఫ్ట్ అవుతాడా, అంటే ఏటా ఏఎఫ్ఎల్ క్లబ్బులు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు వాడి పేరు వస్తుందా అని ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఇంకా చెప్పలేనని నేను అంటాను. అది తప్పించుకునే జవాబు కాదు, ఈ వయసుకి నిజమైన జవాబే అది.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. మూడు నెలలకోసారి గోడకి ఆనించి ఎత్తు కొలవండి. ఉన్నట్టుండి పెరుగుతున్నాడంటే ఆ కాలంలో అదనపు ట్రైనింగ్ పెట్టకండి. మోకాలి చిప్ప కింద, మడమలో నొప్పి అంటే "ఓర్చుకోరా" అనకుండా ఫిజియోకి చూపించండి. నిలబడ్డ ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు చూసి పిల్లాడు ఎదుగుదలలో ఏ దశలో ఉన్నాడో అంచనా వేసే పద్ధతి ఉంది. మీవాడి ప్రోగ్రాంలో అది చేస్తున్నారా అని అడగండి. అడిగినంత మాత్రాన ఎవరూ ఏమీ అనుకోరు.

పద్దెనిమిదేళ్లకి కూడా లెక్క తప్పుతుంది. లాకీ నీల్‌ని 2011 డ్రాఫ్ట్‌లో ఫ్రీమాంటిల్ క్లబ్బు 58వ పిక్‌తో (58వ ఎంపికగా) తీసుకుంది. ఆయన తర్వాత బ్రిస్బేన్‌కి మారి 2020లో, 2023లో లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. శామ్ మిచెల్‌ని స్పీడ్ లేదని ముందు ఎవరూ తీసుకోలేదు. 2001లో 36వ పిక్‌గా హాథార్న్‌కి వెళ్లి, 2008లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) తెచ్చాడు. మార్లియన్ పికెట్‌ని రిచ్‌మండ్ 2019 మిడ్ సీజన్ డ్రాఫ్ట్‌లో తీసుకునేటప్పటికి ఆయనకి 27 ఏళ్లు. మొదటి ఏఎఫ్ఎల్ మ్యాచే ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్, గెలిచిన జట్టులో. ప్రొఫెషనల్ రిక్రూటర్లు ఏళ్ల తరబడి చూసి, వీడియోలు తిరగేసి, స్కూల్లో, క్లబ్బులో విచారించాక కూడా ఇలా జరుగుతుంటే, పద్నాలుగేళ్ల వాడి గురించి గట్టిగా చెప్పడం నారు చూసి దిగుబడి చెప్పడమే.

ఈ పేర్లు చూసి ఇంకో తప్పు దారి పట్టకండి. చివరి పిక్స్‌లో ఎక్కువమంది కొద్ది మ్యాచ్‌లు ఆడి, లేదా ఒక్కటీ ఆడకుండానే వెనక్కి వస్తారు. ముందు పిక్స్‌కే అవకాశాలు ఎక్కువ. దారి మూసుకుపోలేదని చెబుతున్నాను, తేలికని చెప్పడం లేదు.

అపోహ: ఆటకి ముప్పై పొజెషన్లు (బంతి చేతికి చిక్కడాలు), మంచి హైలైట్ వీడియో ఉంటే స్కౌట్ కళ్లలో పడతాడు.

హైలైట్ వీడియోలో బాగా జరిగినవే ఉంటాయి. నాకు కావలసింది బంతి పోగొట్టుకున్న వెంటనే వాడేం చేశాడన్నది. వెనక్కి పరిగెత్తాడా, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడ్డాడా? ఎవరూ ఒత్తిడి పెట్టని చోట పక్కకి తన్నిన కిక్‌లు కూడా ముప్పైలోనే లెక్క. జనం మధ్య నేల మీద బంతిని వంగి అందుకుని, లేస్తూనే సరైన మనిషికి ఇచ్చాడంటే నా పుస్తకంలో అదొక్కటీ రాసుకుంటాను. వీడియో పంపాలనుకుంటే ఒక క్వార్టర్ మొత్తం, కత్తిరించకుండా పంపండి. వాడు బాగా ఆడనిదైనా సరే.

అపోహ: మనవాళ్లు పొట్టి, ఈ ఆటకి పనికిరారు.

కేలబ్ డానియల్ ఎత్తు 168 సెంటీమీటర్లు. 2014లో 46వ పిక్. 2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నాడు, 2020లో ఆల్ ఆస్ట్రేలియన్ (లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాళ్ల జట్టులో ఒకడు) అయ్యాడు. కిక్ గురి తప్పదు, తల ఎప్పుడూ పైకే. అంత ఎత్తుతో రక్‌మన్ గానీ, గోల్ ముందు ఆడే పొడుగు ఆటగాడు (కీ ఫార్వర్డ్) గానీ కావడం కుదరదు, అదీ నిజమే. ఎత్తుని బట్టి తేలేది ఏ చోట ఆడతాడన్నది.

అపోహ: 20 మీటర్ల పరుగులో వెనకబడితే కంబైన్‌లోనే (డ్రాఫ్ట్‌కి ముందు పెట్టే ఫిట్‌నెస్ పరీక్షల్లోనే) పేరు కొట్టేస్తారు.

పరుగు, జంప్, 2 కిలోమీటర్ల టైం ట్రయల్, ఇవన్నీ ఆటలో ముందే చూసినదాన్ని సరిపోల్చుకోవడానికి. మిచెల్ సంగతి పైన చెప్పాను.

అపోహ: నెక్స్ట్ జెనరేషన్ అకాడమీలో చేరాడంటే డ్రాఫ్ట్ ఖాయం.

ఆదివాసీ కుటుంబాల పిల్లల కోసం, ఆసియా, ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల పిల్లల కోసం 2016లో మొదలైన అకాడమీలు ఇవి. మన పిల్లలకీ చోటు ఉంటుంది, అర్హత నిబంధనలు మీ ప్రాంతపు క్లబ్బుని అడగండి. మంచి కోచింగ్ దొరుకుతుంది, తప్పకుండా పంపండి. కానీ డ్రాఫ్ట్ రోజున ఇంకో క్లబ్బు మీవాడి పేరు పిలిస్తే, తన డ్రాఫ్ట్ పిక్‌లకున్న పాయింట్లు చెల్లించి తన దగ్గరే ఉంచుకునే హక్కు మాత్రమే అకాడమీ నడిపే క్లబ్బుకి ఉంది. తీసుకుని తీరాలన్న రూలు లేదు. ఎవరూ తీసుకోని అకాడమీ పిల్లలూ ఉంటారు. "మాకు లోపల తెలిసినవాళ్లు ఉన్నారు, డబ్బు కడితే చూసుకుంటాం" అనేవాళ్లు ఎదురైతే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బుతో డ్రాఫ్ట్ జరగదు.

అపోహ: తండ్రి పేరుతోనే పైకి వస్తారు, మనకెక్కడిది.

తండ్రి ఆడిన క్లబ్బుకే కొడుకుని తీసుకునే హక్కిచ్చే ఫాదర్-సన్ రూలు వర్తించాలంటే తండ్రి ఆ క్లబ్బుకి కనీసం 100 మ్యాచ్‌లు ఆడి ఉండాలి. దానివల్ల కొడుకు ఏ క్లబ్బుకి వెళ్తాడో మారుతుంది. నిక్ డైకోస్ 2021లో అలాగే కాలింగ్‌వుడ్‌కి వెళ్లాడు, కానీ వాడి ఆట చూసినవాళ్లెవరూ తండ్రి పేరుతో వచ్చాడనరు.

అపోహ: గాయం సంగతి బయటపెడితే అవకాశం పోతుంది.

దీని దగ్గర మళ్లీ కాసేపు ఆగాలి. "స్కౌట్‌లు వస్తున్నారట, తలకి తగిలిన సంగతి ఈ వారం చెప్పకు" అని ఒక తండ్రి కొడుకుతో అనడం నా చెవులతో విన్నాను. అప్పుడే వెళ్లి కోచ్‌కి చెప్పాను. ఆ పిల్లాడు ఆ రోజు ఆడలేదు, ఆ తండ్రి నాతో చాలాకాలం మాట్లాడలేదు.

కమ్యూనిటీ ఫుటీలో తలకి దెబ్బ తగిలి కంకషన్ అయితే కనీసం 21 రోజుల దాకా మ్యాచ్ ఆడకూడదు. అంతకుముందు కాంటాక్ట్ ట్రైనింగ్‌కి కూడా వరసగా 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా ఉండాలి. ఆ మూడు వారాల్లో పోయే రెండు మూడు మ్యాచ్‌ల వల్ల ఏ స్కౌట్ కూడా పేరు కొట్టేయడు. దాచి ఆడి రెండోసారి తగిలితే ఏమవుతుందో డాక్టర్‌నడగండి. మిగతా గాయాల సంగతంటారా, డ్రాఫ్ట్‌కి ముందు మెడికల్ పరీక్షలు ఎలాగూ ఉంటాయి, దాచింది దాగదు. మాక్స్ గాన్‌కి డ్రాఫ్ట్ ఏడాదే మోకాలి లిగమెంట్ తెగింది. ఆ సంగతి తెలిసే మెల్‌బోర్న్ 2009లో 34వ పిక్‌తో తీసుకుంది. 2012లో మళ్లీ తెగింది. మొదటిసారి ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యేసరికి 2016. 2021లో కెప్టెన్‌గా కప్ ఎత్తాడు. రక్‌మన్‌లు పండటానికి ఎన్నేళ్లు పడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది.

అపోహ: ఫుటీ మీదే పెట్టాలి, చదువు తర్వాత చూసుకోవచ్చు.

దేశం మొత్తం మీద నేషనల్ డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకునేది ఏడాదికి అరవై, డెబ్బై మంది. వాళ్లలోనూ చాలామంది కెరీర్ కొద్ది ఏళ్లే. 2013లో మొదటి పిక్ టామ్ బాయిడ్. 2016 గ్రాండ్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టి బుల్‌డాగ్స్‌ని గెలిపించినవాళ్లలో ఒకడు. ఇరవై మూడేళ్లకే ఆట వదిలేశాడు, తన డిప్రెషన్ గురించి అందరి ముందూ మాట్లాడాడు. మొదటి పిక్ అనే బరువు ఎలాంటిదో ఆయన మాటల్లో తెలుస్తుంది. చదువు మాన్పించి పిల్లాడి మీద ఇంకో బరువు పెట్టకండి. రిక్రూటర్లు టీచర్లతో కూడా మాట్లాడతారు.

అపోహ: ఇదంతా మగపిల్లల సంగతే.

2017లో మొదలైన మహిళల లీగ్ ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో 2022 నుంచి 18 క్లబ్బులకీ జట్లున్నాయి. అమ్మాయిలు అబ్బాయిలకన్నా ముందే ఎదుగుతారు కాబట్టి పైన చెప్పిన ఎదుగుదల వయసులు వాళ్లకి అలాగే వర్తించవు. మోకాలి లిగమెంట్ గాయాల ప్రమాదం వాళ్లకి ఎక్కువ. దూకి దిగడం, ఒక్కసారిగా దిశ మార్చడం, టాకిల్ తీసుకోవడం సరిగ్గా నేర్పే ప్రెప్ టు ప్లే అనే వార్మప్ కార్యక్రమాన్ని ఏఎఫ్ఎల్ క్లబ్బులన్నిటికీ అందుబాటులో పెట్టింది. మీ అమ్మాయి ఆడే క్లబ్బులో ప్రతి ట్రైనింగ్‌కీ ముందు అది చేయిస్తున్నారో లేదో ఈ వారమే వెళ్లి చూడండి. చేయించకపోతే కోచ్‌ని అడగండి, ఇంకో ఇద్దరు తల్లిదండ్రుల్ని కూడా వెంట తీసుకెళ్లండి.