టెన్షన్‌కు మార్కులు వేసేదెలా?

"స్టాటిస్టిక్స్ పేపరంటే మా క్లాసంతా హడలిపోతుంది. ఆ హడలును కొలవగలమా?" అని ఎం.ఏ. సైకాలజీ చదివే ఒక పాఠకురాలు అడిగారు. కొలవగలం. 1985లో అమెరికాలో క్రూజ్ బృందం 51 ప్రశ్నలతో 'స్టార్స్' అనే స్కేలు తయారుచేసింది. 2008లో స్పెయిన్‌లో విజిల్-కోలెట్ బృందం 24 ప్రశ్నలతో ఇంకోటి తెచ్చింది. ఇందులో భయం మూడు పాయలు: పరీక్ష భయం, డౌటు అడగడానికి జంకు, ఫలితాల పట్టిక చూసి అర్థం చెప్పాలంటే కంగారు. ఒక్కో పాయకు 8 ప్రశ్నలు, ప్రతి జవాబుకూ 1 (భయం లేదు) నుంచి 5 (చాలా భయం) దాకా అంకె.

డౌటు అడగడానికి జంకేవారిని విడిగా పట్టుకోవడం నాకు బాగా నచ్చింది. మన క్లాసుల్లో నోరెత్తని పిల్లలకు బుద్ధిమంతులని పేరు. 'లెక్కల బుర్ర పుట్టుకతో రావాలి' అనే మూఢనమ్మకం కూడా తోడైతే ఇక వాళ్లు చెయ్యెత్తరు.

ఇక అసలు సంగతి. ఒక పాయలోని ప్రశ్నలన్నీ ఒకే భయాన్ని తడుముతున్నాయా? దీనికి అందరూ చూసే అంకె, అమెరికా సైకాలజిస్టు క్రాన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా. ప్రశ్నల జవాబులు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె ఇది. 0.7 దాటితే చాలామంది సరే అనుకుంటారు. నాకు మాత్రం ఆ అంకె మీద అనుమానం పోదు. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (రెండు ప్రశ్నల జవాబుల మధ్య పొత్తు; 0 అంటే పొత్తే లేదు, 1 అంటే పూర్తి పొత్తు) 0.3 అనుకోండి. రెండే ప్రశ్నలుంటే ఆల్ఫా దాదాపు 0.46. ఎనిమిదైతే 0.77. ఇరవై నాలుగైతే 0.91! ప్రశ్నల మధ్య పొత్తు రవ్వంత కూడా పెరగలేదు, పెరిగింది వాటి సంఖ్యే. పైగా మూడు పాయల ప్రశ్నలను కలగలిపేసినా, సగటు 0.3 ఉంటే చాలు, అదే 0.91 వస్తుంది. అంటే భయం ఒకటా మూడా అన్నది ఆల్ఫా చెప్పలేదు.

ఇంకో తిరకాసు. 'పరీక్ష ముందురోజు టెన్షన్ పడతాను', 'పరీక్ష దగ్గరపడితే ఆందోళనగా ఉంటుంది' అని ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడిగితే సహసంబంధం 0.8 రావచ్చు. అప్పుడు ఆ రెండింటితోనే ఆల్ఫా 0.89కి చేరుతుంది. కొత్తగా తెలిసిందేమీ లేదు.

అందుకే ఫ్యాక్టర్ అనాలిసిస్ కావాలి. ఏ ప్రశ్నల జవాబులు కలిసి నడుస్తున్నాయో చూసి వాటిని గుంపులుగా విడదీసే లెక్క ఇది. టీచర్‌ను అడగడానికి 5 వేసినవాళ్లే తోటి విద్యార్థిని అడగడానికీ 5 వేస్తున్నారా, పరీక్షకు మాత్రం 2 వేస్తున్నారా అన్నది అందులో బయటపడుతుంది. అయితే ఒక బ్యాచ్‌లో కనిపించిన పాయలను మళ్లీ ఆ బ్యాచ్ జవాబులతోనే రుజువు చేసుకోకూడదు. వేరే కాలేజీలో వేరే విద్యార్థులకు అవే ప్రశ్నలిచ్చి చూడాలి.