ఓడలో ఉతకడం తేలికే, ఆరబెట్టడమే అసలు సమస్య

పెద్ద క్రూయిజ్ షిప్పుల్లో ప్రయాణికులు తమ బట్టలు తామే ఉతుక్కునే గది ఉండాలా, వద్దా? ఈ విషయంలో ఓడల కంపెనీలే ఒక్క మాట మీద లేవు. కార్నివల్, ప్రిన్సెస్, డిస్నీ ఓడల్లో డబ్బు కట్టి వాడుకునే వాషింగ్ మెషీన్లు, డ్రయర్లు ఉంటాయి. కునార్డ్ ఓడల్లో, వైకింగ్ సముద్ర నౌకల్లో అవి ఉచితం. రాయల్ కరీబియన్ ఓడల్లో మాత్రం అలాంటి గది ఉండదు. బట్టలు సంచిలో వేసి సిబ్బందికి ఇచ్చి డబ్బు కట్టాల్సిందే. ఇస్త్రీ పెట్టె వెంట తెచ్చుకోవడానికి కూడా అక్కడ ఒప్పుకోరు.

ఈ చర్చ వచ్చినప్పుడు చాలామందికి ముందు గుర్తొచ్చేది నీళ్లు. నడిసముద్రంలో మంచినీళ్లకే కరువు కదా, వేలమంది ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కుంటే ఎలా అని అడుగుతారు. ప్రశ్న సబబే. కానీ లెక్క వేసి చూస్తే నీళ్ల బాధ అనుకున్నంత పెద్దది కాదు. ఈ గది ఉండాలా వద్దా అన్నది తేల్చాల్సింది వాషింగ్ మెషీన్‌ని చూసి కాదు, దాని పక్కనున్న డ్రయర్‌ని చూసి.

ముందు నీళ్ల సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని తీసేయడానికి ఓడల్లో రెండు దారులున్నాయి. మొదటిది ఇంజిన్ వేడిని వాడుకోవడం. ఇంజిన్‌ని చల్లబరిచి వచ్చే నీరు ఎలాగూ వేడిగానే ఉంటుంది, ఆ వేడిని సముద్రపు నీటికి అందిస్తారు. పాత్రలోంచి గాలి తోడేసి పీడనం తగ్గిస్తే నీరు 100 డిగ్రీల దాకా ఆగదు, 40 నుంచి 60 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే మంచినీరు. అంటే వృథాగా పోయే వేడితోనే పని జరిగిపోతుంది. రెండోది ఆర్‌ఓ. ఉప్పునీరు పొర గుండా మంచినీటిని తనవైపు లాక్కునే ఒత్తిడిని ద్రవాభిసరణ పీడనం అంటారు, సముద్రపు నీటికి అది వాతావరణ పీడనానికి సుమారు 27 రెట్లు. దాన్ని మించి, 55 నుంచి 70 రెట్ల ఒత్తిడితో నీటిని పొరల గుండా నెడితే ఉప్పు ఇవతలే ఉండిపోతుంది. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు అవుతుంది. వాషింగ్ మెషీన్ ఒక విడతకు 60 లీటర్లు వాడిందనుకుందాం. ఆ నీటిని తయారుచేయడానికి పట్టేది పావు యూనిట్ లోపే. ఈ పావు యూనిట్‌ని గుర్తుపెట్టుకోండి.

వాడేసిన నీటి మాటేమిటి? అమెరికా పర్యావరణ సంస్థ 2008లో క్రూయిజ్ షిప్పుల వ్యర్థ జలాలపై ఒక నివేదిక ఇచ్చింది. అలాస్కా వైపు తిరిగే పెద్ద ఓడల నుంచి సేకరించిన వివరాల ప్రకారం, మరుగుదొడ్డి నీరు కాకుండా స్నానాలు, వంటశాలలు, లాండ్రీల నుంచి వచ్చే మురుగునీరు మనిషికి రోజుకు సగటున 67 గ్యాలన్లు, అంటే దాదాపు 250 లీటర్లు. అందులో లాండ్రీ వాటా ఆరో వంతు. ఓడ లాండ్రీలో ఎక్కువగా ఉతికేవి దుప్పట్లు, తువాళ్లు, టేబుల్ గుడ్డలు, సిబ్బంది యూనిఫారాలు. ఆ మొత్తంలో ప్రయాణికుల చొక్కాలు, లోదుస్తులు కలిసినా పెద్దగా తేడా రాదు.

ఇక ఆరబెట్టడం. వాషింగ్ మెషీన్ చివర్లో డ్రమ్మును గిరగిరా తిప్పుతుంది. పాతిక సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న డ్రమ్ము నిమిషానికి 1200 సార్లు తిరిగితే, లోపలి బట్ట మీద పడే బలం గురుత్వాకర్షణకు 400 రెట్లు. చిన్న మోటారు కొద్ది నిమిషాల్లో, అతి తక్కువ కరెంటుతో లీటర్ల కొద్దీ నీటిని బట్టలోంచి బయటికి విసిరేస్తుంది. అంత చేసినా 5 కిలోల బట్టల్లో ఇంకా రెండున్నర కిలోల నీరు ఉండిపోతుంది. దారాల మధ్య సన్నని సందుల్లో ఇరుక్కున్న ఆ నీటిని ఎంత తిప్పినా లాగలేం, ఆవిరి చేయాల్సిందే. కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,400 కిలోజౌళ్లు కావాలి, అంటే 0.67 యూనిట్. వేడిగాలిని బయటికి వదిలేసే మామూలు డ్రయర్‌లో వృథా కూడా కలుపుకుంటే ఒక విడతకు మూడు యూనిట్ల దాకా పోతుంది. నీటిని తయారుచేసిన పావు యూనిట్ ఎక్కడ, ఈ మూడు యూనిట్లెక్కడ! ఓడ జనరేటర్లు యూనిట్‌కి సుమారు 200 గ్రాముల ఇంధనం కాలుస్తాయి. ఒక్క విడత బట్టలు ఆరడానికి అరకిలోకు పైనే ఇంధనం పొగైపోతుందన్నమాట. చేత్తో ఉతికి, నీళ్లు కారుతున్న బట్టల్ని నేరుగా తెచ్చి డ్రయర్‌లో పడేసేవాళ్లూ ఉంటారు. అప్పుడు ఈ లెక్క రెట్టింపవుతుంది. ముందు మెషీన్‌లో ఒక్కసారి స్పిన్ వేసినా చాలు.

ఇంధనం ఖర్చయితే కంపెనీ భరిస్తుంది. అంతకన్నా టెన్షన్ పెట్టే విషయం ఇంకొకటుంది. ఆ వేడిగాలి బట్టల నుంచి ఊడిన నూలుపీచుని మోసుకుపోతుంది. దీన్నే లింట్ అంటారు. గట్టిగా నేసిన గుడ్డకూ విడిపోయిన పీచుకూ పదార్థం ఒకటే, కానీ పీచుకి ప్రతి పోగు చుట్టూ గాలి అందుతుంది. అందుకే నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. డ్రయర్ జల్లెడ చాలావరకు పట్టుకుంటుంది, మిగిలినది గాలి గొట్టంలోకి వెళ్లి మలుపుల దగ్గర పేరుకుంటుంది. అమెరికాలో ఇళ్లలోని డ్రయర్ల వల్లే 2008-2010 మధ్య ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని ఆ దేశపు ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క తేల్చింది. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే.

ఓడలో ఆ గొట్టం ఇంట్లోలా గోడ దాటి బయటికి పోదు. అనేక డెక్కుల మధ్య నుంచి వెళ్తుంది. దీని అర్థమేమిటో 1998 జులై 20న తెలిసింది. కార్నివల్ కంపెనీ ఓడ ఎక్‌స్టసీ 2,565 మంది ప్రయాణికులు, 916 మంది సిబ్బందితో మయామి నుంచి బయల్దేరింది. సిబ్బంది నడిపే పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ యంత్రం చెడిపోయింది. దాన్ని బాగుచేయడానికి అనుమతి లేకుండానే వెల్డింగ్ మొదలుపెట్టారు. నిప్పురవ్వలు లింట్‌కి అంటుకున్నాయి. గాలి గొట్టాల్లో పేరుకున్న పీచు వెంట మంట పాకి, ఓడ వెనుక భాగంలో లంగరు తాళ్లు ఉంచే డెక్కు దాకా వెళ్లింది. అక్కడ చుట్టలు చుట్టి పెట్టిన పాలీప్రొపిలీన్ తాళ్లు అంటుకుని నల్లటి పొగ కమ్మేసింది. ప్రాణనష్టం జరగలేదు, ఆస్తినష్టం మాత్రం 1.7 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డ్ విచారణ జరిపి రెండు కారణాలు చూపింది: అనుమతి లేని వెల్డింగ్, గొట్టాల్లో లింట్ పేరుకోనివ్వడం.

ఆ మంట పుట్టింది ప్రయాణికుల ఉతుకు గదిలో కాదు. అది సిబ్బంది లాండ్రీ. కాబట్టి ప్రయాణికులకు మెషీన్లు ఇస్తేనే ప్రమాదం అనడానికి ఈ ఉదంతం పనికిరాదు. అయితే పీచు పేరుకున్న గొట్టం మంటకి రహదారి అవుతుందని ఇది కళ్లకు కట్టింది. ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ ఇప్పుడు ఈ విషయంలో ఖచ్చితంగా ఉంది. 36 మందికి మించి ప్రయాణికులు ఉండే ఓడల్లో మెయిన్ లాండ్రీ గొట్టాలకు తేలిగ్గా తీసి శుభ్రం చేయగల జల్లెడలు, దానంతటదే మూసుకుపోయే అగ్నినిరోధక తలుపు, ఫ్యాన్లను ఆపే ఏర్పాటు, లోపల చూసి శుభ్రం చేయడానికి వీలైన మూతలు ఉండాలి. ప్రయాణికుల గదిలో రెండు డ్రయర్లే ఉన్నా సరే, ఇవే జాగ్రత్తలు తీసుకోవాలన్నది నా పట్టుదల.

చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటుంది. మసాజ్ నూనె, వంటనూనె అంటిన తువాళ్లను ఉతికినా కొంత నూనె పోగుల్లో ఉండిపోతుంది. వృక్షసంబంధ నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా చర్య జరిపి వేడిని పుట్టిస్తాయి. బట్ట విప్పి పరిస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. డ్రయర్‌లోంచి తీసిన తువాళ్లను వేడివేడిగా మడిచి దొంతర పెట్టేస్తే వేడి బయటికి పోయే దారి ఉండదు. వేడి పెరిగిన కొద్దీ చర్య ఇంకా జోరందుకుంటుంది. ఎవరూ నిప్పు పెట్టకుండానే, కొన్ని గంటల తర్వాత ఆ దొంతర లోపలి నుంచి రాజుకోవచ్చు. డ్రయర్ చివరి పది నిమిషాలు వేడి లేకుండా ఊరికే తిరగడం వెనక ఒక కారణం ఇదే. తొందరలో ఉన్న ప్రయాణికుడు ఆ పది నిమిషాలు ఆగకుండా తలుపు లాగేస్తాడు. చల్లారే దాకా తలుపు తెరుచుకోని మెషీన్లనే ఓడలో పెట్టాలి.

సరే, ఇంత గొడవ ఎందుకు, గదే పెట్టకపోతే పోలా? పోదు. ప్రయాణం వారం దాటితే, అందులోనూ పసిపిల్లలుంటే, బట్టలు ఎలాగూ ఉతకాలి. గది లేకపోతే జనం క్యాబిన్ బాత్రూములో ఉతుకుతారు. అక్కడేం జరుగుతుందో చూడండి. 22 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టుకోగల తేమ సుమారు 19 గ్రాములు. ఏసీ గాలిలో అప్పటికే అందులో సగం ఉంటుంది. ఆరు ఘనమీటర్ల చిన్న బాత్రూములోని గాలి ఇంకా తీసుకోగలిగేది 57 గ్రాములే. చేత్తో పిండిన ఒక్క కాటన్ టీషర్టులోనే 150 గ్రాముల పైన నీరుంటుంది. పాత గాలి పోయి కొత్త గాలి వస్తూనే ఉండాలి, లేకపోతే మర్నాటికీ ఆ చొక్కా తడిగానే ఉంటుంది. ఇక ఓపిక నశించినవాళ్లు దాన్ని టేబుల్ ల్యాంపు మీద వేస్తారు, హెయిర్ డ్రయర్‌తో గంటసేపు కొడతారు, బాల్కనీ కమ్మీకి కడతారు. సిబ్బంది కళ్లెదుట, పొగ పసిగట్టే పరికరం కింద ఉండాల్సిన పని వెయ్యి క్యాబిన్లలోకి చెదిరిపోతుంది. అందుకే గది లేకపోవడం భద్రత అంటే నేను ఒప్పుకోలేను.

సిబ్బంది లాండ్రీలోనే అందరి బట్టలూ ఉతికించడం భౌతికశాస్త్రం ప్రకారం మెరుగైన పద్ధతే. అక్కడి సొరంగం లాంటి పెద్ద యంత్రాల్లో బట్టలు ఒకవైపు నుంచి, నీరు ఎదురు దిక్కు నుంచి కదులుతాయి. చివర జాడించిన నీరే వెనక్కి వచ్చి మురికి బట్టల్ని తడుపుతుంది. డ్రయర్లకూ రోలర్లకూ కావలసిన ఆవిరిని ఇంజిన్ పొగ వేడితో కాచే వీలుంది. నిండుగా వేయడంలో ఇంకో లాభమూ ఉంది. 2016లో ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు, 6 కిలోల యాక్రిలిక్ బట్టల్ని ఒకసారి ఉతికితే ఏడు లక్షలకు పైగా సన్నని ప్లాస్టిక్ పోగులు ఊడవచ్చని అంచనా వేశారు. బట్టల బరువుతో పోలిస్తే నీరు ఎంత ఎక్కువైతే పోగులు అంత ఎక్కువ ఊడతాయని 2019లో న్యూకాజిల్ యూనివర్సిటీ బృందం చూపింది. నాలుగు చొక్కాలు వేసి బటన్ నొక్కే ప్రయాణికుడు సరిగ్గా అదే చేస్తాడు. ఆ పోగుల్ని మెషీన్ దగ్గరే జల్లెడ పట్టకపోతే సముద్రానికి చేరే దారి ఇక్కడ మరీ దగ్గర.

వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ విషయంలోనూ సిబ్బందే మేలు. వాంతి అయిన బట్టల్ని ఎవరైనా ఉతుకు గదికి తెచ్చారంటే, ఆ తలుపు పిడి, బటన్లు, మడతపెట్టే బల్ల అన్నీ అంటించే చోట్లవుతాయి. కొద్దిపాటి వైరస్ కణాలు చాలు జబ్బు రావడానికి, ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద అంతగా పనిచేయదు. అలాంటి బట్టలు నీటిలో కరిగే సంచిలో వేసి, విప్పకుండానే మెషీన్‌లోకి వెళ్లాలి. డబ్బు తీసుకోకుండా ఈ పని చేస్తామని ఓడవాళ్లే ముందు చెప్పాలి. డబ్బు అడిగితే ఎవరూ జబ్బు సంగతి బయటపెట్టరు.

ఇన్ని చెప్పాక కూడా, వారం దాటిన ప్రయాణాల్లో ఉతుకు గది ఉండాలనే అంటాను. సంచి లెక్కన తక్కువ ధరకి ఉతికి ఇచ్చినా, పసిపిల్లల బట్టలు, ఎలర్జీ ఉన్నవాళ్ల బట్టలు, వేడి తగిలితే పాడైపోయేవి అందరివాటితో కలిపి వేయలేం. మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలకు మాత్రం అనవసరం.

ఆ గదిలో డ్రయర్ హీట్ పంప్ రకానిదై ఉండాలి. అది గాలిని బయటికి వదలదు. తడిగాలిని చల్లబరిచి నీరు పిండి, అదే గాలిని మళ్లీ వేడిచేసి లోపలికి పంపుతుంది. డెక్కుల మధ్య గొట్టం అక్కర్లేదు, వేడి తక్కువ, కరెంటు సగానికి సగం తగ్గుతుంది. జల్లెడ శుభ్రం చేయడం మాత్రం తప్పదు, ఆ బాధ్యత ప్రయాణికుడి మీద వదలకుండా సిబ్బందికి అప్పగించాలి. సబ్బు మెషీనే కొలిచి పోసుకోవాలి. ఓడ నీటిలో ఖనిజాలు తక్కువ కాబట్టి ఇంట్లో వేసినంత వేస్తే నురగ పోదు. ఇస్త్రీ పెట్టె వద్దు. దాని అడుగు 200 డిగ్రీలకు చేరుతుంది, ఎవరైనా మర్చిపోయి వెళ్లడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

హీట్ పంప్‌కి ఒక లోటుంది. మామూలు డ్రయర్ గంటలో చేసే పనికి ఇది రెండు గంటలు తీసుకుంటుంది. 1,500 క్యాబిన్ల ఓడలో ఐదింట ఒక క్యాబిన్ వాళ్లు ఒక్కసారి ఉతుక్కున్నా 300 విడతలు. ఓడ రేవులో ఆగిన రోజు అందరూ ఊరు చూడ్డానికి పోతారు, సముద్రంలో ఉన్న రెండు రోజుల్లోనే ఇవన్నీ పడతాయి. రోజుకు 150 విడతలు, గది పదిహేను గంటలు తెరిచి ఉంటుందనుకుంటే గంటకు పది. అంటే 20 డ్రయర్లు కావాలి. వాషింగ్ మెషీన్లు ఏడెనిమిది చాలు. ఇప్పుడున్న గదుల్లో సాధారణంగా రెండూ సమానంగా పెడతారు, అందుకే క్యూ ఎప్పుడూ డ్రయర్ దగ్గరే పెరుగుతుంది. కొత్త ఓడ గీసేటప్పుడే గదిని ఈ నిష్పత్తిలో గీయాలి. ఫోన్‌లో టైమ్ బుక్ చేసుకునే ఏర్పాటు పెట్టి, రేవు రోజుల్లో ధర సగానికి తగ్గిస్తే ఆ ఇరవై పన్నెండుకి దిగుతాయి.