కాన్పుకు అమెరికా వెళ్తున్నారు సరే, ఇంట్లో కుక్క సంగతి?

నల్గొండలో కుక్కలకు వైద్యం చేసే నాకు ఈ మాట బాగా అలవాటు: "అమ్మాయి కాన్పుకు అమెరికా వెళ్తున్నాం డాక్టర్ గారూ, ఆరు నెలలు. దిగులు పెట్టుకోకుండా వీడికి ఏదైనా సూది వేయండి." అలాంటి సూది లేదు. పైగా ఈ మాట చెప్పేది విమానం ఎక్కడానికి నాలుగు రోజుల ముందు!

అపోహ: పొలం దగ్గర వదిలితే హాయిగా తిరుగుతుంది.

వాస్తవం: పొలంలో పుట్టి పెరిగిన కుక్క అయితే సరే. సోఫా మీద నిద్రపోయే లాబ్రడార్‌కు పొలం కొత్త లోకం. ఎలుకల కోసం వరి గట్ల మీద నూకల్లో నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి పెడతారు. పెట్టింది తినడమే తెలిసిన కుక్కకు పళ్లెమైనా గట్టయినా ఒకటే. అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా లాగే కరెంటు తీగలు మరో ప్రమాదం.

అన్నిటికంటే నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి గోమార్ల కేసులు. బత్తాయి తోటలో రెండు నెలలు ఉన్న కుక్కను ఒకసారి ఆటోలో తెచ్చారు. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదట. చెవి మడత తిప్పితే, రక్తం తాగి ఉబ్బిన గోమార్లు ఆముదం గింజల్లా వరుసగా ఉన్నాయి. పెదవి ఎత్తితే చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం అది. కుక్క బతికింది. తోట కాపలాదారు తప్పేమీ లేదు. క్రమం తప్పకుండా గోమార్ల మందు వేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

అపోహ: కుక్కల హాస్టల్‌లో చేర్చే రోజు టీకా వేయిస్తే చాలు.

వాస్తవం: టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పది కుక్కలు ఒకచోట ఉంటే దగ్గు, పార్వో (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) సులువుగా అంటుకుంటాయి. నెల ముందే టీకాలు పూర్తి చేసి, హైదరాబాద్ హాస్టల్ అయినా, పక్కింటి వారైనా, ఒకటి రెండు రాత్రులు అక్కడ ఉంచి చూడండి. మొదటి రోజు తిండి మానేయడం మామూలే. రెండో రోజూ మానేస్తే, లేదా వాంతులు మొదలైతే వైద్యుడికి చూపించాలి.

అపోహ: పెరుగన్నం ఎవరు పెట్టినా తింటుంది.

వాస్తవం: తింటుంది. పాపం, ప్రేమతో ఉల్లిపాయ కూర కలిపి పెట్టినా తింటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

అపోహ: టికెట్ కొంటే వెంట తీసుకెళ్లవచ్చు.

వాస్తవం: రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికా మనల్ని చేర్చింది. 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు ఇంకా కఠినమయ్యాయి: కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి, ఆ తర్వాతే రేబిస్ టీకా వేయించాలి. ఆ టీకా పనిచేసిందని చూపే రక్తపరీక్ష ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్. యూరప్ వెళ్లేవారు ఇలాంటి పరీక్షకే కుక్క రక్తనమూనా ఇచ్చాక మూడు నెలలు ఆగాలి. కాన్పు తేదీ వీటి కోసం ఆగదు కదా!

అపోహ: ఏదైనా అయితే ఫోన్ చేస్తారు, మేము చెబుతాం.

వాస్తవం: నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఇక్కడ ఉదయం పదకొండు గంటలంటే న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటి ఉంటుంది. గర్భసంచిలో చీము పట్టిన ఆడకుక్కను ఒక పక్కింటావిడ తెచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయాలి. "వాళ్లను అడగకుండా నేనెలా సంతకం పెట్టను సార్?" అని ఆవిడ భయపడింది. అవతల ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తేసరికి నాలుగు గంటలు గడిచాయి.

అందుకే ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబంతో ఒక కాగితం రాయిస్తున్నాను. ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెట్టాలి, ఎంత ఖర్చు దాకా అడగకుండా పెట్టవచ్చు, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంచారు, గోమార్ల మందు ఏ తేదీన. ఒక ప్రతి నా ఫైల్లో, ఇంకొకటి కుక్కను చూసుకునే వారి ఫ్రిజ్ తలుపు మీద.