ఎవరి పేరు కొట్టేస్తావు?

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున ఆడుకునే పిల్లలందరికీ,

ఆట అయ్యాక చాయ్ బండి దగ్గర మీరు పెట్టే లొల్లి నాకు చాలా ఇష్టం. మన హైదరాబాద్ ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ ఎవరిని ఉంచుకోవాల్సింది, ఎవరిని వదిలేయాల్సింది, ఎవరికి ఇచ్చిన కోట్లు దండగ అని గొంతులు పోయేలా వాదించుకుంటారు. పోయిన వారం చిన్నోడు నన్ను సూటిగా అడిగాడు: "తాతా, సిరాజ్ మన హైదరాబాదోడు కదా, మనోళ్లెందుకు తీసుకోలేదు? షమీకి పది కోట్లు ఎట్ల ఇచ్చిన్రు?" ఇద్దరూ ఫాస్ట్ బౌలర్లే. నేను జవాబు మొదలుపెట్టేలోపే నలుగురు అందుకున్నారు. అందుకే రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని నిదానంగా చదవండి, పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. నేను లెక్కల మాస్టర్‌ని. ఈ వాదన సగం ఆటకు సంబంధించింది, సగం లెక్కకు సంబంధించింది. మీరు ఆట సగమే మాట్లాడుతున్నారు.

కాగితం మీద పైన 120 అని రాయండి. 2025 సీజన్ కోసం జరిగిన మెగా వేలంలో, అంటే జట్లను దాదాపు కొత్తగా కట్టుకునే పెద్ద వేలంలో, ఒక్కో ఐపీఎల్ జట్టుకు దక్కిన పర్స్ అది, 120 కోట్లు. పర్స్ అంటే ఆటగాళ్ల మీద జట్టు ఖర్చు పెట్టగలిగే మొత్తం. వేలం 2024 నవంబర్ 24, 25 తేదీల్లో సౌదీలోని జెద్దాలో జరిగింది. యజమాని దగ్గర ఇంకా డబ్బుంది కదా అని మీలో ఒకరన్నారు. ఉండొచ్చు. కానీ ఎంత ఉన్నవాడైనా 120 దాటకూడదు. ఆ గీత లేకపోతే ఎక్కువ డబ్బున్న రెండు జట్లు మంచి ఆటగాళ్లందర్నీ కొనేస్తాయి, మిగతా ఎనిమిది జట్ల మ్యాచ్‌లు ఎవరూ చూడరు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయంటే, ఏ రోజు ఎవరు గెలుస్తారో చెప్పలేకపోవడమే దానికి పెద్ద కారణం. కాబట్టి పర్స్ గురించి కోపం వద్దు, అది ఉండబట్టే మన జట్టు కూడా ఫైనల్ దాకా వెళ్లగలుగుతోంది.

ఇప్పుడు ఆ 120లోంచి తీసేయడం మొదలుపెడదాం. వేలానికి ముందే సన్‌రైజర్స్ ఐదుగురిని రిటైన్ చేసుకుంది, అంటే వేలానికి వదలకుండా తన దగ్గరే ఉంచుకుంది. భారత్ తరఫునో, ఇంకో దేశం తరఫునో ఆడిన ఐదుగురిని ఉంచుకుంటే పర్స్‌లోంచి 75 కోట్లు పోతాయి. రూల్ పుస్తకంలో అవి 18, 14, 11, 18, 14గా ఉంటాయి. కానీ జట్టు ఆ 75ను ఆటగాళ్లతో మాట్లాడుకుని తనకు నచ్చినట్టు పంచుకోవచ్చు. మనవాళ్లు పంచింది ఇలా: క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, హెడ్‌కు 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6.

ఈ రెండు వరుసలనూ పక్కపక్కన రాసి చూడండి. ఒక 18, రెండు 14లు సరిపోయాయి. తేడా రెండు చోట్లే ఉంది. ఒక 18 కాస్తా 23 అయింది, 11 కాస్తా 6 అయింది. అంటే క్లాసెన్‌కు అదనంగా వెళ్లిన ఐదు కోట్లు నితీశ్ వరుసలోంచి వచ్చినట్టు. అంతకుముందు 20 లక్షలకు ఆడిన పిల్లవాడికి 6 కోట్లు పెద్ద మొత్తమే, ఆ ఒప్పందం అతనూ ఒప్పుకున్నదే. నేను చెప్పేదల్లా ఒక్కటే. క్లాసెన్‌కు 23 న్యాయమా కాదా అని అడిగేవాళ్లు అదే నోటితో నితీశ్‌కు 6 న్యాయమా అని కూడా అడగాలి. రెండూ ఒకే ప్రశ్న. ఒకరికి ఎక్కువ ఇచ్చారని మీరన్నప్పుడల్లా ఇంకెవరికో తగ్గిందని కూడా అన్నట్టే. ఆ ఇంకెవరి పేరు చెప్పకుండా వాదించకండి.

ఇక సిరాజ్ సంగతికి వద్దాం. చేతిలో మిగిలింది 45 కోట్లు. జట్టులో కనీసం 18 మంది, ఎక్కువంటే 25 మంది ఉండాలి. వేలంలో పేర్లను సెట్లుగా, అంటే గుంపులుగా పిలుస్తారు. మొదటి రోజు రెండో సెట్‌లో షమీ, సిరాజ్ ఇద్దరూ ఉన్నారు. ముందు షమీ పేరు వచ్చింది. మనవాళ్లు 10 కోట్లకు పాడుకున్నారు. తర్వాత మిల్లర్, చాహల్ వెళ్లారు, ఆ తర్వాత సిరాజ్ పేరు వచ్చింది. గుజరాత్ 12.25 కోట్లకు తీసుకెళ్లింది. ఏడేళ్లు అతన్ని ఆడించిన బెంగళూరు, తన పాత ఆటగాణ్ని వేలంలో తిరిగి తెచ్చుకునే రైట్ టు మ్యాచ్ కార్డు చేతిలో ఉండి కూడా వాడలేదు.

ఆ లొల్లి సద్దుమణిగాక నేను చిన్నోణ్ని అడిగాను: "సరే, సిరాజ్‌ను 12.50కి నువ్వు తెచ్చావనుకో. ఎవరి పేరు కొట్టేస్తావు?" వాడు తడుముకోకుండా హర్షల్ పటేల్ పేరు చెప్పాడు. హర్షల్‌కు 8 కోట్లు. ఇంకా నాలుగున్నర తక్కువ పడింది. జంపాను కొట్టేశాడు, 2.40 దొరికింది. ఇంకా 2.10 తక్కువ. రాహుల్ చాహర్‌నూ కొట్టేశాడు. అప్పుడు పెద్దోడు పక్కనుంచి అందుకున్నాడు: "ముగ్గురు బౌలర్లను తీసేసి ఒక బౌలర్‌ను తెచ్చినవ్‌రా. ఓవర్లు ఎవడేస్తడు?" చిన్నోడు కాసేపు ఆలోచించి, షమీ పేరు కొట్టేసి సిరాజ్ పేరు రాశాడు. తేడా రెండున్నర కోట్లే. జంపా ఒక్కడిని వదిలితే దాదాపు సరిపోతుంది.

ఇది గట్టి వాదన. చిన్నోడు ఆ మాట అన్నప్పుడు నాకెంతో సంతోషమైంది. ఇప్పుడు దానికి వచ్చే ప్రశ్నలు రెండు. మొదటిది, మనం 12.50 అంటే గుజరాత్ అక్కడే ఆగుతుందని ఎవరు చెప్పారు? ఆ స్థాయిలో పాట 25 లక్షల చొప్పున పెరుగుతుంది. వాళ్లు 14 దాకా వచ్చేవాళ్లేమో. వేలంలో ఒక ఆటగాడు ఎంతకు పోయాడో చూసి, ఇంకో పావు కోటి వేస్తే మనకు దక్కేవాడనుకోవడం చాలామంది అభిమానులు చేసే పొరపాటు. రెండోది ఇంకా ముఖ్యం. షమీ పేరు పిలిచిన నిమిషంలో సిరాజ్ ఎంతకు పోతాడో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. షమీని వదిలేసి కూర్చున్నాక సిరాజ్ 16 కోట్లకు పోతే ఇద్దరూ చేజారినట్టే. మీరు కాగితం మీద జాబితా అంతా ఒకేసారి చూస్తున్నారు. అక్కడ కూర్చున్నవాళ్లకు ఒక్కో పేరు ఒక్కోసారి వస్తుంది, ఒక్కోదానికీ అప్పటికప్పుడు అవునో కాదో చెప్పాలి.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో గుజరాత్ జెర్సీ వేసుకుని వచ్చిన సిరాజ్ 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. ఆ వారంలోనే పంజాబ్ మీద షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. సీజన్ మొత్తం కలిపి 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లు. ఆ తర్వాత అదే 10 కోట్లకు, వేలం లేకుండా జట్ల మధ్య జరిగే ట్రేడ్‌లో లక్నోకు వెళ్లిపోయాడు. ఇదంతా చూసి "మేం ముందే చెప్పినం" అంటున్నారు. మీలో ఒకరిద్దరు నిజంగానే ముందే చెప్పారు, నాకు గుర్తుంది. మిగతావాళ్లు తర్వాత చెప్పారు. నవంబర్‌లో ఏం తెలుసో అది చూడాలి. 2023 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువగా 24 వికెట్లు తీసింది షమీ. ఆ తర్వాత సర్జరీ, చాలా నెలలు ఆటకు దూరం. వేలానికి కొద్ది రోజుల ముందే రంజీలో తిరిగి వచ్చి ఒకే మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీశాడు. సర్జరీ అయిన ఫాస్ట్ బౌలర్ మీద పది కోట్లు పెట్టడం రిస్క్ అని ఆ రోజే అన్నవాడి వాదనకు విలువ ఉంది. 75 పరుగులు ఇచ్చాక అన్నవాడి మాటకు అంత విలువ లేదు. ఇషాన్ కిషన్ విషయంలోనూ మీరు ఇదే చేశారు. మొదటి మ్యాచ్‌లో 106 నాటౌట్ కొట్టగానే 11.25 కోట్లు చవక అన్నారు, తర్వాత నాలుగు మ్యాచ్‌లకే దండగ అన్నారు. ధర మారలేదు, మీరే మారారు.

ధర అంటే ఏమిటో మనూరి పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో జెండా పాట చూసినవాళ్లు మీలో ఉన్నారు. ఆ రోజు అన్నిటికంటే మంచి సరుకుకు పలికే రేటు అది. మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. కానీ ఆ రేటు దక్కేది ఏ ఒకటి రెండు లాట్లకో. మిగతా రైతులు అంతకు చాలా తక్కువకు అమ్ముకుని బస్సెక్కుతారు. పైగా ఆ రోజు ఎంతమంది ఖరీదుదారులు వచ్చారు, వాళ్లకు ఎంత అవసరం ఉందన్న దాన్ని బట్టి అదే కాయకు రేటు మారుతుంది. రిషభ్ పంత్‌కు పలికిన 27 కోట్లు కూడా అంతే. లక్నోకు కెప్టెన్ కావాలి, కీపర్ కావాలి, ఆ రోజు పర్స్‌లో డబ్బుంది, అవతల ఇంకో జట్టుకూ అదే అవసరం ఉంది. ఆ ధర పంత్ అడిగింది కాదు. ఆ సీజన్‌లో అతను 269 పరుగులు చేశాడు, అందులో 118 చివరి మ్యాచ్‌లోవే. అంతదాకా స్టేడియాల్లో, ఫోన్లలో అతన్ని పరుగుకు ఇన్ని లక్షలని లెక్కగట్టి ఎగతాళి చేశారు. కమిన్స్ సంగతి దీనికి ఉల్టా. 2024లో 20.50 కోట్లకు వచ్చి, కెప్టెన్‌గా జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది 18కే ఉన్నాడు. బాగా ఆడితే జీతం పెరగాలి కదా అని మీకనిపిస్తుంది, నిజమే. కానీ ఇది ఉద్యోగంలో ఇంక్రిమెంట్ లాంటిది కాదు. అవసరం, పర్స్, పోటీ కలిసి తేల్చే లెక్క.

"మన పిల్లల్ని మన జట్టు తీసుకోదు" అన్న బాధ నాకూ ఉంది. హైదరాబాద్ తిలక్ వర్మను ముంబయి 2022లో 1.70 కోట్లకు తీసుకుని, 8 కోట్లకు ఉంచుకుంది. స్థానికులు ఇంతమంది ఉండాలన్న రూల్ ఐపీఎల్‌లో లేదు. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం, కనీసం ఇద్దరు.

ఇప్పుడు కబడ్డీకి వస్తాను. ఈ లెక్క అన్నిటికంటే స్పష్టంగా కనపడేది అక్కడే. మన పల్లెల్లో పుట్టి పెరిగిన ఆట గురించి మీరు వాదించుకోకపోవడం నాకు లోటుగా ఉంది.

2023లో ప్రో కబడ్డీలో జట్టు పర్స్ 5 కోట్లు. ఆ ఏడాది జరిగిన వేలంలో మన జట్టు తెలుగు టైటాన్స్, రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొంది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అంత ధర ఎవరికీ పలకలేదు. మనవాళ్లంతా పండగ చేసుకున్నారు. కాగితం మీద 5 రాసి అందులోంచి 2.605 తీసేయండి. సగం కంటే తక్కువ మిగిలింది, దాంతోనే మిగతా జట్టంతా రావాలి. కబడ్డీలో మ్యాట్ మీద ఏడుగురు ఉంటారు. పవన్ కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చాడు, ఎంతైనా తెస్తాడు. కానీ అవతలి రైడర్ మన వైపు వచ్చినప్పుడు పట్టేవాడు కావాలి. కార్నర్‌లో, అంటే చివర నిలబడ్డవాడు తొందరపడి కాలు పట్టబోతే, పక్కనున్న కవర్ వాడు అందుకుని చేతులు కలిపి గొలుసు బిగించాలి. అది కలిసి ఏళ్ల తరబడి ఆడితే వచ్చే పని. ఆ పని చేసేవాళ్లకు డబ్బు మిగల్లేదు. పవన్‌ను పట్టి కూర్చోబెడితే అతన్ని మళ్లీ లోపలికి తెచ్చే పాయింటు ఎవరు తేవాలో తెలియని పరిస్థితి. ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో మనం గెలిచింది రెండే. ఆఖరి స్థానం.

దాని ముందు ఏడాది ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు తీసుకుంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తం పోయింది. ఒక్క మోకాలి మీద సగం పర్స్ పెట్టడమంటే అది. తర్వాతి సీజన్‌కు టైటాన్స్ అతన్ని 1.725 కోట్లకే తిరిగి తెచ్చుకుంది, మిగిలిన డబ్బు నలుగురికీ పంచింది, జట్టు కోలుకుంది. 2025లో అతన్ని వదిలేసింది. తలైవాస్ 59.5 లక్షలకు తీసుకుంది. ఆ ఏడాది విజయ్ మలిక్ కెప్టెన్సీలో మన జట్టు ప్లేఆఫ్స్ ఆడింది. రెండేళ్లలో ఒక మనిషి ధర రెండున్నర కోట్ల నుంచి అరవై లక్షల లోపుకు దిగింది. పవన్ కబడ్డీ మర్చిపోలేదు. లీగ్‌లో జట్లు డబ్బును చూసే తీరు మారింది.

మీ వాదనలో నాకు బాధ కలిగించేది ఒక్కటుంది, అది చెప్పి తీరాలి. ఓడిన రాత్రి ఆటగాళ్ల పేజీల్లోకి వెళ్లి వాళ్ల అమ్మానాన్నలను, భార్యాపిల్లలను తిడుతున్నారు. మీలో కొందరి ఫోన్లలో నేను చూశాను. డబ్బు పెట్టింది జట్టు, నిర్ణయం జట్టుది. కోపముంటే ఆ నిర్ణయం మీద చూపించండి, ఎంత గట్టిగానైనా. పాట పాడిన చెయ్యి ఒకరిదైతే తిట్లు పడేది ఇంకొకరికా? ఇది నేను ఒప్పుకోను.

ప్రో కబడ్డీ తర్వాతి వేలానికి ముందు మీరందరూ టైటాన్స్‌కు జట్టు రాసి తెండి. పైన 5 కోట్లు, కింద పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎంతదాకా పాడతారో ఆ మొత్తం, ఎందుకో ఒక వాక్యం. ఒకరిది ఒకరు చూసి రాయొద్దు. నాదీ నేను రాసి జేబులో పెట్టుకుని వస్తాను. రైడర్లకే డబ్బంతా పోసి డిఫెండర్లకు మిగల్చని జాబితా తెస్తే మాత్రం అక్కడే వెనక్కి ఇచ్చేస్తాను.

మీ తాత,
హన్మకొండ