ఖాళీ స్టేజీ నాటకాన్ని సినిమా తీస్తే: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు జేపీ నగర్‌లోని రంగశంకర నాటకశాలలో షో అయ్యాక మన తెలుగు పిల్లలు ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు: "అక్కా, ఈ నాటకంలో ఒక స్టూలు, ఇద్దరు మనుషులే కదా. ఐదారు లొకేషన్లు కలిపితే సినిమా అయిపోతుందా?" స్క్రిప్టులు రాస్తున్న ఇన్నేళ్లలో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే.

అపోహ: స్టేజీ మీద లేనివన్నీ సినిమాలో చూపించాలి.

వాస్తవం: అక్కర్లేదు. అప్పు చేసి తీసేవాళ్లను నిలువునా ముంచేది ఈ నమ్మకమే. నేనూ ఒకసారి మునిగాను. నేను సినిమాకి రాసిన ఒక నాటకంలో తల్లి వట్టి గాలినే కొడుకు చొక్కాలా దులిపి, మడతపెడుతుంది. హాలంతా కన్నీళ్లు. సినిమాకి ఇల్లు, చొక్కా, కొడుకు రైలెక్కే ఫ్లాష్‌బ్యాక్ అన్నీ రాశాను. స్టేషన్ సీన్ ఒక్కటే సగం బడ్జెట్ తినేసింది. తీరా ఎడిటింగ్‌లో చూస్తే, కొడుకు ముఖం కనబడ్డాక ఆ తల్లితో పాటు ఎదురుచూడాలని ఎవరికీ అనిపించలేదు. ఆ సీన్ తీసేశాం.

అలాగని గాలి చొక్కా కూడా పనిచేయలేదు. క్లోజప్‌లో ఆ చేతులు అబద్ధం ఆడుతున్నట్టున్నాయి. చివరికి మిగిలింది నిజం చొక్కా, పై గుండీ ఊడిన చోట ఆగిపోయిన ఆమె బొటనవేలు. ప్రేక్షకుడు తనకు తాను ఊహించుకుంటున్నది ఏమిటో ముందు కనిపెట్టండి. దాన్ని ముట్టుకోకండి. మిగతాది ఎంత నిజంగా చూపించినా ఫర్వాలేదు.

ఒకే గది అయితే బోర్ కొడుతుందని టెన్షన్ పడకండి. టీవీ నాటకం నుంచి వచ్చిన '12 యాంగ్రీ మెన్' (1957) దాదాపు మొత్తం ఒకే గదిలో నడుస్తుంది. దర్శకుడు సిడ్నీ లూమెట్ కెమెరాను మొదట కంటి మట్టానికి పైన పెట్టాడు, తర్వాత కంటి మట్టానికి, చివర్లో అంతకంటే కిందికి దించాడు. సీలింగ్ కనబడటం మొదలయ్యేసరికి గది ఇరుకైపోతుంది. 'డాగ్‌విల్' (2003) సినిమాలో ఇళ్లంటే నేల మీద గీతలే. తలుపు లేదు, తలుపు చప్పుడు మాత్రం ఉంది. సౌండ్‌కి డబ్బు దాచుకోండి.

అపోహ: స్టేజీ నటులు కెమెరా ముందు అతి చేస్తారు.

వాస్తవం: గొంతు తగ్గించడానికి వారం రిహార్సల్ ఇవ్వండి, చాలు.

అపోహ: నాటకం వేయడానికి అనుమతి ఉంది కాబట్టి సినిమా కూడా తీయొచ్చు.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టంలో అవి రెండు వేర్వేరు హక్కులు. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటాయి. నోటిమాట చాలదు, కాగితం మీద సంతకం కావాలి. షూటింగ్ అంతా అయ్యాక కళ్లనీళ్లతో వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మొదటి డ్రాఫ్ట్ రాయకముందే రచయిత ఇంటికి వెళ్లి రండి.